బాఖరాఖ్ వెళ్తున్నారా? మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్‌లు మొదలవుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకునే పిల్లలు, అమ్మానాన్నలను మూడు నెలలకు తెచ్చుకున్న ఐటీ వాళ్ళు, హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలు, అందరివీ అవే ప్రశ్నలు. నేను మైంజ్ దగ్గర ఉంటాను కాబట్టి రైన్ లోయ అంతా నా పెరడు అని వాళ్ళ నమ్మకం. ఈసారి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావాల్సింది వెతుక్కుని చదవండి, వరుసగా చదవక్కర్లేదు.

## బయల్దేరే ముందు

బాఖరాఖ్ ఎక్కడుంది? పేరు ఎలా పలకాలి?

జర్మనీలో రైన్ నది ఎడమ ఒడ్డున, మైంజ్‌కీ కోబ్లెంజ్‌కీ ఇంచుమించు మధ్యలో ఉంటుంది. రెండు వేల మంది కూడా ఉండని ఊరు. రెండు 'ఖ'లనూ గొంతు లోపలి నుంచి గరగరలాడిస్తూ పలకాలి, 'బచరచ్' అంటే టికెట్ కౌంటర్‌లో ఎవరికీ అర్థం కాదు. మద్యదేవుడు బాకస్ బలిపీఠం ఇక్కడ ఉండేదని, అందుకే ఆ పేరని ఊళ్ళో ఒక కథ చెబుతారు. భాషావేత్తలు మాత్రం అది అంతకన్నా పాత కెల్టిక్ పేరు అంటారు. కథే బాగుందనుకోండి. బింగెన్, రూడెస్‌హైమ్‌ల నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల రైన్ లోయ మొత్తాన్నీ 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఈ ఊరు అందులోదే.

రూడెస్‌హైమ్, కోకెమ్ అంటూ అందరూ చెబుతుంటే నువ్వు ఇదే ఎందుకంటావు?

ఆ రెండూ మంచి ఊళ్ళే, చెడ్డ మాట అనను. కానీ రూడెస్‌హైమ్‌లో ఆ ఇరుకు సందులోకి వేసవి మధ్యాహ్నం వెళ్తే జాతరలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. కోకెమ్ మోసెల్ నది మీద ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఇంకా దూరం. బాఖరాఖ్‌లో కోటగోడ, బురుజులు, నది, ద్రాక్షతోట అన్నీ పది నిమిషాల నడకలో ఉంటాయి, పైగా ఆ గోడ మీదే మీరు నడవొచ్చు. నాకైతే ఇదే నచ్చింది, మీకు షాపింగ్ కావాలంటే మాత్రం ఇక్కడికి రావొద్దు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మూడో వారం దాకా. ద్రాక్ష కోత జరుగుతూ ఉంటుంది, ఆకులు పసుపెక్కుతాయి, ఎండ మెత్తగా ఉంటుంది. రెండో ఓటు మే నెలకి. జూలై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, రాళ్ళు పరిచిన వీధుల్లో వేడి కూడా ఎక్కువే. నవంబర్ నుంచి మార్చి దాకా సగం హోటళ్ళు మూసేస్తారు, టూరిస్టు బోట్లు మామూలుగా తిరగవు. లోయ లోతుగా ఉండటంతో మధ్యాహ్నం మూడింటికే నీడ కమ్మేస్తుంది. చలికాలంలో ఒకసారి వెళ్ళాను, ఊరంతా నాదే, కాఫీ మాత్రం దొరకలేదు.

పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తే సరిపోదా?

చూడటానికి సరిపోతుంది. అయినా నా మాట విని ఒక రాత్రి ఉండండి. చాలామంది బోటు దిగి, గంటలో నాలుగు ఫోటోలు తీసుకుని తర్వాతి బోటో రైలో ఎక్కేస్తారు. ఆ గంటలో మీకు కనిపించేది మీలాంటి టూరిస్టులే. సాయంత్రం ఆఖరి బోటు వెళ్ళిపోయాక ఊరు ఒక్కసారిగా మామూలైపోతుంది. కిటికీల దగ్గర పూలకుండీలకు నీళ్ళు పోస్తుంటారు, చర్చి గంటలు వినిపిస్తాయి, గోడ మీద మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. మొదటి మూడుసార్లు నేనూ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసినవాణ్ణే. నాలుగోసారి ఆఖరి రైలు తప్పిపోయి ఉండిపోయాను, ఊరిని అప్పుడే చూశాననుకుంటాను.

ఇండియా నుంచి వస్తే వీసా సంగతి?

షెంగెన్ టూరిస్ట్ వీసా కావాలి, యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా అది. 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు, పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. పారిస్‌లో ఐదు రోజులు, ఇక్కడ రెండు రోజులు ఉంటూ జర్మనీకి అప్లై చేయకండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి ప్రయాణం పెద్ద టెన్షన్ కాదు.

అక్కడ కోటలోనే పడుకోవచ్చట, నిజమా?

నిజమే. కొండ మీద ష్టాలెక్ కోట ఇప్పుడు యూత్ హాస్టల్. పేరు చూసి కుర్రాళ్ళకే అనుకోకండి, కుటుంబాలు కూడా దిగుతాయి, హాస్టల్ సంఘం సభ్యత్వం మాత్రం అడుగుతారు. గదులు సాదాగా ఉంటాయి. రాజభోగం ఊహించుకుని వెళ్తే నిరాశే, పొద్దున కిటికీ తెరిస్తే కనిపించే నదికి మాత్రం ఏ స్టార్ హోటలూ సాటిరాదు. వేసవి వారాంతాలకైతే నెలల ముందే బుక్ చేయాలి. ఊరి నుంచి పైకి ఇరవై నిమిషాల ఎక్కుడు, చక్రాల సూట్‌కేసు లాగుతూ ఎక్కడం నరకం, వీపు సంచి తెచ్చుకోండి.

కింద ఊళ్ళో గది తీసుకుంటే నిద్ర పడుతుందా? రైళ్ళ చప్పుడు అంటున్నారు.

చప్పుడు ఉంది, దాచను. నదికీ కోటగోడకీ మధ్య నుంచే రైలు పట్టాలు వెళ్తాయి, ఎదుటి ఒడ్డున ఇంకో లైను, రాత్రంతా గూడ్స్ బండ్లు. గది బుక్ చేసేటప్పుడు నది వైపు కాకుండా లోపలి వీధి వైపు లేదా వాగు వెంట వెనక్కి ఉన్నది అడగండి. 'నది కనిపించే గది' అని మురిసిపోయి తీసుకున్న మా బావగారు రాత్రి రెండింటికి బండ్లు లెక్కపెడుతూ కూర్చున్నారు. చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి తెచ్చుకోండి.

## ఊరు చేరడం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో ఎలా వెళ్ళాలి?

ముందు మైంజ్ మెయిన్ స్టేషన్‌కి రండి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచీ ఎయిర్‌పోర్ట్ నుంచీ కూడా ఎస్8 లోకల్ రైలు అక్కడికి వస్తుంది. మైంజ్‌లో ఆర్‌బీ26 ఎక్కండి, కోబ్లెంజ్ వైపు వెళ్ళేది, ముప్పావు గంటలో బాఖరాఖ్. మొత్తం గంటన్నర అటూ ఇటూ. ఐసీ (ఇంటర్‌సిటీ) అనే దూరప్రయాణపు రైళ్ళు ఈ ఊళ్ళో ఆగవు, కిటికీలోంచి చేయి ఊపుకోవడమే. బింగెన్ దాటాక నది కుడివైపున కనిపిస్తుంది కాబట్టి కుడివైపు సీటు పట్టుకోండి. పెద్ద సూట్‌కేసులు ఉంటే మైంజ్ స్టేషన్ లాకర్లలో పడేసి రావడం మేలు.

డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుందా?

లోకల్ రైళ్ళల్లో జర్మనీ అంతా తిరిగే నెలవారీ టికెట్ అది, కాబట్టి ఎస్8లోనూ ఆర్‌బీ26లోనూ చెల్లుతుంది. ఐసీ, ఐసీఈల్లో చెల్లదు, టూరిస్టు బోట్లలో ఉచితంగా ఎక్కనివ్వరు. 2026 జనవరి నుంచి దాని ధర నెలకు 63 యూరోలు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు కూడా తీసుకోవచ్చు, నెలంతా తిరిగితే లాభమే. ఒకటే జాగ్రత్త, అది చందా. ఆపాలంటే నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, మర్చిపోతే వచ్చే నెల డబ్బులు కూడా పోతాయి. నా స్నేహితుడొకడు వాళ్ళ నాన్నగారు గుంటూరు వెళ్ళిపోయాక రెండు నెలలు కట్టాడు.

కారులో వస్తే? మ్యాప్ ఎందుకు ఫెర్రీ ఎక్కమంటోంది?

ఎందుకంటే వంతెన లేదు. మైంజ్ దాటితే మళ్ళీ కోబ్లెంజ్ దాకా రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు, మీరు ఎదుటి ఒడ్డున వస్తుంటే ఫెర్రీయే దిక్కు. మన గోదావరి మీద పంటు ఎక్కించినట్టే, కార్లు, సైకిళ్ళు, మనుషులు కలిసి ఐదు నిమిషాల్లో దాటేస్తారు. బాఖరాఖ్‌కి దగ్గరది కౌబ్ ఫెర్రీ. అవి రాత్రంతా తిరగవు, ఆఖరి ఫెర్రీ ఎప్పుడో ముందే చూసుకోండి. పార్కింగ్ నది ఒడ్డునే, రోడ్డు పక్కన. నడిపేవాళ్ళు వైన్ జోలికి పోవద్దు. రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.5 ప్రోమిల్ (వెయ్యికి అర వంతు), 21 ఏళ్ళు నిండనివాళ్ళకీ కొత్త లైసెన్స్ వాళ్ళకీ సున్నా.

## ఊళ్ళో

ఏం చూడాలి? ఏ వరుసలో చూడాలి?

స్టేషన్ నుంచి ఊళ్ళోకి రాగానే అందరూ మెయిన్ రోడ్డు పట్టుకుంటారు, మీరు ముందు నది వైపు కోటగోడ ఎక్కండి. గోడ మీద నడకదారి ఇళ్ళ వెనక కిటికీల పక్క నుంచే పోతుంది, ఒకవైపు ఎవరిదో వంటిల్లు, ఇంకోవైపు రైలు, దాని అవతల నది. తర్వాత కిందకి దిగి పాత ఇల్లు, ఆల్టెస్ హౌస్, 1368 నాటిదని చెబుతారు. చెక్క చట్రం మధ్య మట్టి, సున్నం నింపి కట్టిన ఇల్లు, కాస్త ఒరిగినట్టు నిలబడి ఉంటుంది. ఆ పక్కనే సెయింట్ పీటర్ చర్చి, లోపలికి వెళ్ళి ఐదు నిమిషాలు కూర్చోండి. అక్కడి నుంచి వాగు వెంట ష్టేగ్ ద్వారం వైపు నడిస్తే చిత్రకారుల మూల అనే చోటు వస్తుంది, పేరు చూసి సిమెంటు బొమ్మలు ఊహించుకోకండి, నీళ్ళు, చిన్న వంతెనలు, పాత గోడలు, అంతే. సాయంత్రం ఎండ వాలుతుండగా ద్రాక్షతోటలోని పోస్టెన్ బురుజు ఎక్కండి. ఊరి కప్పులు, కోట, నది అన్నీ ఒకేసారి కనిపించే చోటు అది. కోట మీద నుంచి చూస్తే కోట కనిపించదు కదా.

ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద కోటగోడ ఎందుకు?

డబ్బు. ఇప్పుడు నిద్రపోతున్నట్టున్న ఈ ఊరు ఒకప్పుడు రైన్ మీద పెద్ద వైన్ రేవు. పైన బింగెన్ దగ్గర నదికి అడ్డంగా గట్టి రాతి మెట్ట ఉండేది, పెద్ద ఓడలు దాన్ని దాటలేకపోయేవి. అందుకని ఎగువ నుంచి వచ్చే వైన్ పీపాలు చిన్న పడవల్లోనో బండ్ల మీదో ఇక్కడికి చేరేవి, ఇక్కడ పెద్ద ఓడలకెక్కేవి. నది ఒడ్డున క్రేన్ బురుజు అని ఇప్పటికీ ఉంది, పీపాలు ఎత్తే యంత్రం ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. ఎక్కడ పండినా సరే, ఇక్కడ ఓడెక్కిన వైన్ 'బాఖరాఖ్ వైన్' పేరుతోనే అమ్ముడుపోయేది. మైన్ నది మీద క్లింగెన్‌బెర్గ్, వూర్జ్‌బుర్గ్ ఊరి ష్టైన్ తోట, రైన్ మీద బాఖరాఖ్, ఈ మూడే ఉత్తమ వైన్లు అని పాత జర్మన్ పద్యం ఒకటి ఉంది. పైగా నది మీద సుంకం వసూలు చేసే ప్రభువుల చోటు కూడా ఇది. 1194లో పైనున్న కోటలోనే, పగవాళ్ళయిన రెండు వంశాల పిల్లలు ఆగ్నెస్, హైన్రిష్‌ల పెళ్ళి రహస్యంగా జరిగింది. తర్వాత బింగెన్ రాళ్ళను పేల్చి దారి వెడల్పు చేశారు, ఓడలు ఆగకుండా పోవడం మొదలైంది, ఊరి భాగ్యం కూడా వాటితోపాటే పోయింది. కొత్తగా కట్టే డబ్బు లేకపోబట్టే పాత ఇళ్ళు మిగిలాయని నా అనుమానం.

కొండ మధ్యలో కప్పు లేని ఎర్రరాతి కట్టడం ఏమిటి?

అందరూ అందంగా ఉందని ఫోటో తీస్తారు, కథ తెలిస్తే గొంతు పట్టేస్తుంది. అది వెర్నర్ చాపెల్, అంటే చిన్న ప్రార్థనాలయం. 1287లో వెర్నర్ అనే పదహారేళ్ళ పిల్లవాడు ఈ ప్రాంతంలో శవమై కనిపించాడు. యూదులే మతాచారం కోసం చంపారని పుకారు లేచింది, ఆ రోజుల్లో యూరప్‌లో మళ్ళీ మళ్ళీ పుట్టిన అబద్ధమే అది. రైన్ వెంట ఊళ్ళల్లో యూదులను మూకలు చంపాయి. ఆ పిల్లవాణ్ణి సాధువుగా చేసి, 1289లో అతని పేరిట ఈ చాపెల్ కట్టడం మొదలుపెట్టారు, యాత్రికులు వచ్చేవారు. 1689లో ఫ్రెంచి సైన్యం పైనున్న కోటను పేల్చేసినప్పుడు ఆ రాళ్ళు మీద పడి ఇది పాడైంది. చర్చి అతని పండుగను 1963లో క్యాలెండర్ నుంచి తీసేసింది. ఇప్పుడు అక్కడ ఒక ఫలకం ఉంది, యూదుల పట్ల చేసిన దానికి క్షమాపణ కోరే ప్రార్థన దాని మీద రాసి ఉంటుంది. సెల్ఫీకి ముందు ఆ ఫలకం చదవండి, పిల్లలు అడిగితే దాచకుండా చెప్పండి.

ష్టాలెక్ కోట లోపలంతా చూడనిస్తారా?

ప్రాంగణం, డాబా దాకా వెళ్ళొచ్చు, గదులు మాత్రం అక్కడ దిగినవాళ్ళకే. మ్యూజియంలా టికెట్ పెట్టి తిప్పే కోట కాదిది. ఇప్పుడు మీకు కనిపించేదంతా పన్నెండో శతాబ్దపు రాయి అనుకోకండి, 1689 పేలుడు తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా శిథిలమే, 1920ల నుంచి తిరిగి కట్టారు. నాజీల కాలంలో, 1942లో లక్సెంబర్గ్‌లో సమ్మె జరిగినప్పుడు పాల్గొన్న బడిపిల్లలను దారికి తెస్తామంటూ తెచ్చి ఇక్కడే పెట్టారు. అంత చక్కని డాబా మీద కూర్చుని కాఫీ తాగుతుంటే ఇది గుర్తొస్తుంది నాకు.

అమ్మానాన్నలకు మోకాళ్ళ నొప్పులు, తిరగగలరా?

మెయిన్ వీధి, వాగు వెంట దారి, నది ఒడ్డున పార్కు, ఇవి సమతలం. రాళ్ళు పరిచిన వీధులు కాబట్టి బూట్లు వేసుకోమనండి, చెప్పులతో కాళ్ళు మడతపడతాయి. కోటగోడకీ చాపెల్‌కీ కోటకీ మెట్లే దారి. మా అత్తయ్య కింద బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే ఓడలు చూస్తూ రెండు గంటలు గడిపేశారు, మేం కోట ఎక్కి దిగి వచ్చేసరికి ఏ ఓడ ఏ దేశం జెండాతో వెళ్ళిందో అప్పజెప్పారు. నిజంగా అది కూడా ఒక కాలక్షేపమే, ఇది యూరప్‌లోకెల్లా రద్దీగా ఉండే నదుల్లో ఒకటి.

ఆదివారం వెళ్తే ఇబ్బందా?

సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, జర్మనీ అంతా అంతే. రెస్టారెంట్లు, కాఫీ షాపులు తెరిచే ఉంటాయి, వాటి సెలవు సోమవారమో మంగళవారమో ఉంటుంది. పాలు, పిల్లల బిస్కెట్లు, నీళ్ళు శనివారమే కొనుక్కోండి. చేతిలో కొంత నగదు ఉంచుకోండి, చిన్నచోట్ల కార్డు తీసుకోకపోవచ్చు.

## తిండి, వైన్

మేం శాకాహారులం, ఏం తినాలి?

మాంసం కనిపించని చోట కూడా పంది మాంసం ముక్కలు దాగి ఉంటాయి, అదే అసలు సమస్య. ఉల్లిపాయలతో చేసే ఉప్పటి కేకు, పిజ్జా లాంటి పల్చటి ఫ్లామ్‌కూఖెన్, వేయించిన బంగాళాదుంపలు, పప్పు సూప్, వీటన్నింటిలోనూ ష్పెక్ అనే ఉప్పుపంది ముక్కలు వేస్తారు. "ఓనే ష్పెక్" అని గట్టిగా చెప్పండి, లేదా "వెగెటారిష్?" అని అడగండి. ఖాయంగా తినగలిగేవి చీజ్ వేసిన ష్పెట్స్‌లే (నూడుల్స్ లాంటివి), యాపిల్ సాస్‌తో వచ్చే బంగాళాదుంప అట్లు, పెద్ద సలాడ్‌లు. కోడిగుడ్డు కూడా తినకపోతే ముందే చెప్పాలి, ఆ ష్పెట్స్‌లే, అట్లు రెండింటిలోనూ గుడ్డు ఉంటుంది. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని నది ఒడ్డున బెంచీ మీద తింటే ఎవరూ ఏమీ అనరు, రెస్టారెంట్ బల్ల మీద మాత్రం డబ్బా తెరవకండి. ఇంకోటి, చాలా వంటిళ్ళు మధ్యాహ్నం రెండింటికి మూసి సాయంత్రం ఐదున్నరకు తెరుస్తాయి, రాత్రి ఎనిమిదిన్నర దాటితే ఆకలితో పడుకోవాల్సిందే.

మా ఇంట్లో ఎవరూ తాగరు, ఆ ఊరు మాకు ఎందుకు?

ఇదే ప్రశ్న మా అమ్మ కూడా అడిగింది. తాగకపోతే ఎవరూ వింతగా చూడరు. వైన్ చేసే ఇళ్ళల్లోనే ద్రాక్షరసం అమ్ముతారు, ట్రౌబెన్‌జాఫ్ట్ అని అడగండి. డబ్బాల్లో వచ్చే రసం కాదిది, అదే తోట ద్రాక్షతో చేసింది, పుల్లగా తియ్యగా ఉంటుంది. గోడలు, బురుజులు, నది చూడటానికి గ్లాసు పట్టుకోనక్కర్లేదు.

సీసా మీద మాటలు ఏమీ అర్థం కావు, తియ్యటిది ఎలా తెలుసుకోవాలి?

ట్రోకెన్ అంటే తీపి లేనిది. హాల్బ్‌ట్రోకెన్, ఫైన్‌హెర్బ్ అంటే కొంచెం తీపి. లీబ్లిష్ అంటే తియ్యటిది. మొదటిసారి తాగేవాళ్ళు ట్రోకెన్ తెప్పించుకుని 'చింతపండు నీళ్ళలా ఉంది' అంటారు, అది రీస్లింగ్ పులుపు, ఈ లోయలో ఎక్కువ పండేది ఆ రకమే. ఫైన్‌హెర్బ్‌తో మొదలుపెట్టండి. కాబినెట్, ష్పేట్‌లేజె, ఆఉస్‌లేజె అనేవి ద్రాక్ష కోసినప్పుడు ఎంత పండిందో చెప్పే మాటలు. చివరకు వైన్ తియ్యగా ఉంటుందా లేదా అన్నది వాటినిబట్టి తేల్చలేం, అక్కడే అందరూ తికమకపడతారు. ఒక గ్లాసుకి ముందు రుచి చూడటానికి కొంచెం పోయమంటే పోస్తారు. ఎండలో అయితే షోర్లె అడగండి, వైన్‌లో సోడా కలుపుతారు, ఊరివాళ్ళు తాగేదీ అదే.

అంత నిటారు కొండ మీద ద్రాక్ష ఎందుకు వేశారు? కింద చోటు లేదా?

లేదు, కింద నది, రోడ్డు, రైలు, ఊరు, అంతే. కానీ చోటు ఉన్నా కొండకే వేసేవారు. ఇక్కడి నేల నల్లటి పలకరాయి. పగలంతా ఎండకు కాగి రాత్రి నెమ్మదిగా వేడి వదులుతుంది, చలిదేశంలో ద్రాక్ష పండటానికి అదే ఆధారం. వాలు నేల మీద ఎండ కూడా నేరుగా పడుతుంది, కింద నది మంచు దెబ్బను కొంత కాస్తుంది. కష్టమల్లా మనుషులది. ట్రాక్టర్ ఎక్కని చోట అన్నీ చేతులతోనే, కోతప్పుడు వీపున బుట్టలతో. అందుకే లోయలో ఎన్నో తోటలు వదిలేశారు, కొండ మీద పొదలు పెరిగిన మెట్లు కనిపిస్తే అవి పాత తోటలే. మధ్య రైన్ ప్రాంతం మొత్తంలో ఇప్పుడు 500 హెక్టార్ల ద్రాక్ష కూడా లేదు.

గుమ్మానికి కొమ్మల గుత్తి వేలాడదీసిన ఇంట్లోకి వెళ్ళొచ్చా?

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. అది ష్ట్రాస్‌విర్ట్‌షాఫ్ట్, అంటే వైన్ రైతు తన ఇంట్లోనో పెరట్లోనో కొన్నాళ్ళు నడిపే చిన్న వైన్ హోటల్. తన తోట వైనే అమ్మాలి, ఏడాదికి నాలుగు నెలలే తెరవాలి, నలభై సీట్లకు మించకూడదు, అలా అయితే హోటల్ లైసెన్స్ అక్కర్లేదు. తిండి రొట్టె, చీజ్, సూప్ లాంటివే. చోటు లేకపోతే తెలియనివాళ్ళ బల్ల దగ్గరే కూర్చోమంటారు, మొహమాటపడకండి. అలా కూర్చున్న చోటే ఒక పెద్దాయన నాకు 1993 డిసెంబర్ వరదలో వాళ్ళ నేలమాళిగలో పీపాలు ఎలా తేలాయో గంటసేపు చెప్పాడు, నా అరకొర జర్మన్‌ను భరిస్తూ.

అక్టోబర్‌లో అమ్మే ఆ మబ్బు రంగు వైన్ ఏంటి?

ఫెడర్‌వైసర్, ఇంకా పులుస్తున్న ద్రాక్షరసం. తియ్యగా, గ్యాస్‌తో, సోడాలా దిగిపోతుంది, తల తిరిగేది తర్వాత తెలుస్తుంది. ఉల్లిపాయల కేకు తింటూ తాగుతారు. సీసా మూత బిగించరు, బిగిస్తే గ్యాస్‌కి పేలుతుంది. ఈ ముక్క తెలియక నేను సంచిలో అడ్డంగా పడుకోబెట్టుకుని రైలెక్కాను. ల్యాప్‌టాప్, పాస్‌పోర్ట్ కవరు, పక్కావిడ బూట్లు, అన్నీ ద్రాక్షరసమే.

మంచినీళ్ళకు కూడా డబ్బులు అడుగుతారా? టిప్ ఎంత?

అడుగుతారు, సీసా నీళ్ళే ఇస్తారు, కొన్నిసార్లు వైన్‌తో పోటీపడే ధరకు. సోడా వద్దంటే "ష్టిల్" అనండి. టిప్ ఐదు నుంచి పది శాతం, డబ్బు ఇచ్చేటప్పుడే ఎంత తీసుకోవాలో చెప్పేయాలి, బల్ల మీద వదిలేసి రావడం ఇక్కడి పద్ధతి కాదు.

## నది మీద

బోటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఎక్కితే బాగుంటుంది? మన పాపికొండల్లా ఉంటుందా?

బాఖరాఖ్‌లో ఎక్కి సాంక్ట్ గోఆర్‌లో దిగండి, వాలున ముప్పావు గంట. కోటలు దగ్గర దగ్గరగా ఉన్న ముక్క అదే, మొత్తం రోజు బోటులో కూర్చుంటే మూడో గంటకి కోటలన్నీ ఒకేలా కనిపిస్తాయి. తిరిగి రావడానికి ఎదురీదే బోటు కన్నా రైలు మేలు, సాంక్ట్ గోఆర్ నుంచి పావుగంట లోపే. బోట్లు సుమారుగా ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా తిరుగుతాయి. ఒడ్డున తెల్ల బోర్డుల మీద అంకెలు కనిపిస్తాయి, అవి కాన్‌స్టాన్స్ వంతెన దగ్గర మొదలుపెట్టి లెక్కించిన కిలోమీటర్లు. బాఖరాఖ్ 543, లోరెలై అనే కొండరాయి 554. పిల్లలకు ఆ అంకెలు చూసే పని అప్పజెప్పండి. పాపికొండల మాటకొస్తే, కొండల మధ్య మలుపులు తిరగడం వరకే పోలిక. అక్కడ అడవి నిశ్శబ్దం, ఇక్కడ రెండు ఒడ్డులా రైళ్ళు, రోడ్లు, ఎదురుగా బొగ్గు ఓడలు.

లోరెలై రాయి తప్పక చూడాలా?

బోటులో వెళ్తే ఎలాగూ కనిపిస్తుంది, ప్రత్యేకంగా పోనక్కర్లేదు. 132 మీటర్ల కొండరాయి, నది ఇరుకై మలుపు తిరిగే చోటు, పాత రోజుల్లో పడవలు మునిగేవి. కొండ మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటూ పాడి నావికులను ముంచే అమ్మాయి కథ పందొమ్మిదో శతాబ్దపు మొదటి ఏళ్ళల్లో కవులు అల్లింది. బోటులో ఆ కథ మీది పాట వేస్తారు, పెద్దవయసు జర్మన్లు గొంతు కలుపుతారు. మనవాళ్ళు మాత్రం "ఇదేనా?" అంటారు. నాదీ అదే మాట.

నది మధ్యలో ఓడలా ఉన్న తెల్ల కోట దగ్గరికి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కౌబ్ ఊరి నుంచి చిన్న పడవ ఉంటుంది. దాని పేరు ఫాల్జ్‌గ్రాఫెన్‌ష్టైన్, 1327 ప్రాంతంలో బవేరియాకు చెందిన జర్మన్ రాజు లుడ్విగ్ సుంకం వసూలుకి కట్టించాడు. 1814 కొత్త సంవత్సరం రాత్రి ప్రష్యా సేనాని బ్లూఖర్ నెపోలియన్‌ను తరుముతూ సైన్యాన్ని రైన్ దాటించింది ఇక్కడే, పడవల వంతెన వేసి. లోపల పెద్దగా సామాను లేదు, గంట చాలు. నది పొంగితే పడవ ఆపేస్తారు.

ఎండాకాలం నీళ్ళు తగ్గితే బోట్లు ఆగిపోతాయా?

2018 అక్టోబర్‌లో కౌబ్ దగ్గర నీటిమట్టం చూపే కొలబద్ద మీద అంకె 25 సెంటీమీటర్లకు పడిపోయింది, జనం ఆ నది మధ్య కోటకు నడుచుకుంటూ వెళ్ళారు. కొలబద్ద మీద అంకె నది లోతు కాదు, ఓడలు వెళ్ళే కాలువలో ఇంకా మీటరుకు పైగా నీళ్ళు ఉంటాయి. సరుకు ఓడలు సగం బరువుతో నడుస్తాయి, టూరిస్టు బోట్లు కొన్ని రేవుల్లో ఆగవు. శీతాకాలపు వరదకైతే మొత్తం రాకపోకలే నిలిపేస్తారు. బయల్దేరే పొద్దున బోటు కంపెనీ సమాచారం ఒకసారి చూసుకోండి, రైలు మాత్రం ఎలాగూ ఉంటుంది.

## తిరిగి వెళ్ళేటప్పుడు

వైన్ సీసాలు ఇండియాకు తీసుకెళ్ళొచ్చా?

పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి రెండు లీటర్ల మద్యం దాకా సుంకం లేదు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు, రెండు సీసాలైతే లీటరున్నర, మూడోది పెడితే పావు లీటరు మించిపోతుంది, అందుకని రెండే కొనండి. చెక్ఇన్ సూట్‌కేసులో, స్వెట్టర్ మధ్యలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి పెట్టాలి. చేతి సంచిలో అయితే సెక్యూరిటీ దగ్గరే వదిలేయాల్సి రావొచ్చు. ఫెడర్‌వైసర్ మాత్రం ఎంత బతిమాలినా సూట్‌కేసులో పెట్టకండి.